రాజపాళయమా, చిప్పిపారైయా?

తమిళనాడులోని సత్రపట్టిలో కుక్కను పెంచుకోవాలనుకునే ఇంటివాళ్ళు ఎక్కడికో వెళ్ళి వెతకనక్కర్లేదు. పక్క ఊరు రాజపాళయం పేరే ఒక జాతి పేరు. చిప్పిపారై కుక్క కూడా ఈ దక్షిణాది మెట్టనేలల్లోదే. రెండూ వేటకుక్కలు, రెంటికీ పొట్టి వెంట్రుకలు, పొడవాటి కాళ్ళు, లోతైన ఛాతీ. అందుకే దూరప్రాంతాల వాళ్ళు రెంటినీ ఒకే గాటన కట్టి, రంగు నచ్చినదాన్ని తీసుకుపోతారు. ఆ తర్వాత పదేళ్ళకు పైగా దాంతో కాపురం చేయాల్సింది ఇంటిల్లిపాదీ.

రాజపాళయం కుక్క తెల్లగా ఉంటుంది, ముక్కు గులాబీ రంగు. ఎత్తు 65 నుంచి 75 సెంటీమీటర్లు. రాజపాళయంలో స్థిరపడిన రాజుల కుటుంబాలు విజయనగర, నాయకరాజుల కాలాల్లో తెలుగునేల నుంచి వచ్చినవని చెప్పుకుంటాయి. ఇళ్ళలో తెలుగు నేటికీ వినబడుతుంది. వాళ్ళ పెద్ద లోగిళ్ళు, పశ్చిమ కనుమల పాదంలో మామిడితోటలు, తోటల మీద పడే అడవిపందులు: తెల్లకుక్క ఎదిగింది ఈ వాతావరణంలో. తనదనుకున్న చోటులోకి కొత్తవాళ్ళు అడుగుపెడితే సహించదు, ఇంట్లోవాళ్ళని ప్రాణంగా చూసుకుంటుంది. 2005 జనవరి 9న తపాలా శాఖ విడుదల చేసిన నాలుగు దేశీ జాతుల బిళ్ళల్లో దీనికీ చోటు దక్కింది.

చిప్పిపారైది వేరే పని. కుందేలు కంటబడగానే దూకి, మెట్టపొలాల్లో తరిమి పట్టడానికి పెంచిన కుక్క ఇది. రాజపాళయం కంటే ఎముక సన్నం, ఒళ్ళు తేలిక. లేతగోధుమ, ఎరుపు, బూడిద, నలుపు రంగుల్లో దొరుకుతుంది. మొరగడం తక్కువ. ఇంట్లో ఒక్కరిని ఎంచుకుని వాళ్ళ వెంటే తిరుగుతుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇప్పుడు వేటకు తావులేదు, కానీ తరమాలన్న తపన దాని ఒంట్లోంచి పోలేదు. కోడి, మేకపిల్ల, వీధి పిల్లి, ఆఖరికి సైకిల్ మీద పోయే కుర్రాడు, ఏది కదిలినా దాని కాళ్ళు ఆగవు. పరుగు అందుకున్నాక మీ పిలుపు దానికి వినబడదనే అనుకోండి. కాబట్టి రోజూ కొంతసేపైనా కట్టు లేకుండా పరిగెత్తడానికి చుట్టూ కంచె ఉన్న జాగా కావాలి. దాన్ని పరిగెత్తించడానికి ఇంట్లో ఒకరు పొద్దున్నే లేవాలి. గొలుసు వేసి కాపలాకని కూర్చోబెడితే అది చిక్కి శల్యమవుతుంది, పిరికిదవుతుంది.

తెల్లకుక్క విషయంలో అన్నిటికంటే ముందు చూడాల్సింది చెవి. దాని ఒంటిని తెల్లగా చేసేదే కొన్నిటికి చెవుడు కూడా తెస్తుంది. లోపలి చెవిలో రంగునిచ్చే కణాలు ఉండాలి. అవి లేకపోతే అక్కడి రక్తప్రసరణ దెబ్బతిని, శబ్దాన్ని పట్టే సున్నితమైన కణాలు పుట్టిన కొద్ది వారాల్లోనే చచ్చిపోతాయి. డాల్మేషియన్లలోనూ జరిగేది ఇదే. అన్ని పిల్లలూ చెవిటివి కావు. కొన్నిటికి ఒక చెవే పోతుంది. అమ్మేవాళ్ళకు కూడా అది తెలియకపోవచ్చు.

పిల్లను ఎంచుకునేటప్పుడు దాన్ని తోబుట్టువుల నుంచి విడదీసి పడుకోనివ్వండి. అన్నీ కలిసి ఉంటే మిగిలినవి ఉలిక్కిపడి లేచిన కదలికకే చెవిటిది కూడా లేస్తుంది. నిద్రలో ఉండగా వెనకవైపు నుంచి తాళంచెవుల గుత్తి ఆడించండి. నేల అదరకూడదు, మీ నీడ పడకూడదు, గాలి తగలకూడదు. చెవి కదిలినా చాలు. లేచి శబ్దం ఎటునుంచి వచ్చిందో తెలియక అటూ ఇటూ వెతుకుతుంటే ఒక చెవి మీద అనుమానం పెట్టుకోవాలి. ఖచ్చితంగా తేల్చేది మాత్రం మెదడు స్పందనను యంత్రంతో కొలిచే పరీక్ష ఒక్కటే. సత్రపట్టిలో ఇంకో చిక్కుంది. ఇది బ్యాండేజీ గుడ్డ నేసే ఊరు. మరమగ్గాల హోరులో పుట్టిన పిల్ల చిన్న చప్పుళ్ళను లెక్కచేయదు. మగ్గాలు ఆగిన వేళో, ఊరి బయట తోటలోనో పరీక్షించాలి.

చెవిటిదని తేలితే దాన్ని వదిలేయమని నేను అనను. చేతిసైగలతో చక్కగా నేర్చుకుంటుంది. కానీ రోడ్డు మీద విడవకూడదు, నిద్రలో ఉన్నదాన్ని పసిపిల్లలు తాకకుండా చూసుకోవాలి. ఇంటి కాపలాకని మాత్రం అలాంటిదాన్ని తెచ్చుకోవద్దు.

ఇంతకీ సత్రపట్టి ఇంటికి ఏది? మగ్గం ఉన్న ఇల్లయితే నూలు తెచ్చేవాళ్ళు, గుడ్డ మూటలు ఎత్తేవాళ్ళు, కూలీలు పొద్దస్తమానం వస్తూ పోతూ ఉంటారు. తెల్లకుక్కకు వాళ్ళలో ప్రతి ఒక్కరూ పరాయివాళ్ళే. రోజంతా దాన్ని కట్టేస్తే మొండిగా తయారవుతుంది, విప్పితే ఎవరినో కరుస్తుంది. అలాంటి ఇంట్లో రాజపాళయాన్ని పెట్టొద్దని గట్టిగా చెబుతాను. చిప్పిపారై అక్కడ నెట్టుకొస్తుంది, దాన్ని పరిగెత్తించే మనిషి ఉంటేనే. ఊరికి ఎడంగా తోట, ఎత్తైన ప్రహరీ, వచ్చిపోయేవాళ్ళు తక్కువ ఉన్న ఇంటికి రాజపాళయాన్ని మించినది లేదు. కోళ్ళు, మేకలు ఉన్న పెరట్లో చిప్పిపారై వద్దు. హైదరాబాదు, విజయవాడ అపార్ట్‌మెంట్లలో మూడో అంతస్తు వాళ్ళు అడిగితే నా జవాబు ఒకటే: రెండూ వద్దు. అక్కడ లిఫ్టులో ఎదురయ్యే ప్రతి పొరుగువాడూ తెల్లకుక్కకు చొరబాటుదారే, చిప్పిపారైకి పరుగెత్తే చోటే లేదు.

ఏది తెచ్చుకున్నా కొన్ని జాగ్రత్తలు తప్పవు. ఒంట్లో కొవ్వు తక్కువ కాబట్టి ఆపరేషన్ అవసరమైతే ఇది పరుగు జాతి అని డాక్టరుకు ముందే చెప్పండి, మత్తుమందు ఎంపికలో అది ముఖ్యం. ఛాతీ లోతు ఎక్కువ గనుక కడుపు ఉబ్బి మెలితిరిగే ప్రమాదం ఉంది, తిన్న వెంటనే పరిగెత్తించొద్దు. తెల్లదాని ముక్కు, చెవులు ఎండకు కమిలిపోతాయి, మధ్యాహ్నం నీడ ఉండాలి. 2017 నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను పెంపకందారు అమ్మకూడదు. ముందే ఇస్తామన్నా తీసుకోకండి, తల్లిని కళ్ళారా చూడండి. టీకాల కార్డు చేతికందాకే డబ్బు ఇవ్వండి. రేబిస్ టీకా మూడో నెలలో వేయించి, తర్వాత డాక్టరు చెప్పిన తేదీలకు మళ్ళీ వేయించండి.