పార్కిన్సన్ వ్యాధికి ఔషధ–యాంటీఆక్సిడెంట్ సంయుక్త చికిత్స: జంతుపరీక్షల ఫలితాల అన్వయం

ఉపోద్ఘాతం:
హైదరాబాదు పాతబస్తీలో చార్మినార్ పక్కన ఉన్న ప్రభుత్వ నిజామియా తిబ్బీ కళాశాల యునాని వైద్యవిద్యకు ప్రసిద్ధి పొందింది. వణుకు వ్యాధిని యునాని వైద్యం ‘రాషా’ అనీ, ఆయుర్వేదం ‘కంపవాతం’ అనీ వ్యవహరిస్తాయి. ఈ రెండు వైద్యాలకూ పరిచితమైన దూలగొండి గింజల నుండి 1937లో మద్రాసు పరిశోధకులు దామోదరన్, రామస్వామి లెవోడోపాను వేరుచేశారు. పార్కిన్సన్ వ్యాధికి నేటికీ ప్రధాన ఔషధం అదే. అయితే లెవోడోపా డోపమిన్ లోటును పూరిస్తుందే గాని నాడీకణాల నాశనాన్ని ఆపుతుందని రుజువు కాలేదు. ఆ నాశనంలో ఆక్సీకరణ ఒత్తిడికి పాత్ర ఉన్నందున, ఔషధానికి యాంటీఆక్సిడెంటును జోడించి జంతువులపై పరీక్షిస్తున్నారు. ఆ పరీక్షలు దేనిని నిరూపించగలవో వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

నమూనా ఎంపిక:
హాలోపెరిడాల్ ఇచ్చిన ఎలుక కదలక బిగుసుకుపోతుంది. ఆ మందు డోపమిన్ గ్రాహకాలను అడ్డగిస్తుంది. పార్కిన్సన్ వ్యాధిలోవలె డోపమిన్ కణాల నాశనాన్ని కలిగించదు. కాబట్టి అక్కడ కదలిక మెరుగుపడితే లక్షణం తగ్గిందని మాత్రమే చెప్పవచ్చు. కణరక్షణను పరీక్షించడానికి 6-హైడ్రాక్సీడోపమిన్, రోటెనోన్, ఎంపీటీపీ వంటి విషపదార్థాలను వాడతారు. ఇక్కడా ఒక చిక్కు ఉంది. ఎంపీటీపీని మెదడులో విషంగా మార్చేది ఎంఏఓ-బి ఎంజైము. సెలెజిలిన్ ఔషధం ఆ ఎంజైమునే నిరోధిస్తుంది. దానిని ముందుగా ఇస్తే విషం తయారు కావడమే తగ్గిపోతుంది. అప్పుడు మిగిలిన కణాలను చూసి సంయుక్త చికిత్స కణాలను కాపాడిందనడం పొరపాటు.

సమూహాల విభజన:
వ్యాధిగ్రస్త జంతువులలో ఔషధం మాత్రమే, యాంటీఆక్సిడెంట్ మాత్రమే, రెండూ కలిపి, ఏదీ లేకుండా అనే నాలుగు సమూహాలు, వాటికి తోడు ఆరోగ్యవంతమైన జంతువుల సమూహం ఉండాలి. దూలగొండి విషయంలో ఇది కూడా చాలదు. ఆ గింజల సారంలోనే లెవోడోపా ఉన్నందున, సారాన్ని జోడించడమంటే ఔషధ మోతాదును పెంచడమే. సారంలోని లెవోడోపాను కొలిచి, మొత్తం మోతాదు సమానమయ్యేలా శుద్ధ ఔషధం పొందిన మరొక సమూహంతో పోల్చాలి.

మానవ పరీక్షల పాఠం:
అమెరికా, కెనడాలలో 800 మంది రోగులపై జరిగిన డేటాటాప్ పరీక్ష ఈ నాలుగు సమూహాల పద్ధతినే అనుసరించింది. 1993లో వెలువడిన ఫలితాల ప్రకారం రోజుకు 2000 యూనిట్ల విటమిన్-ఇ ప్రయోజనం చూపలేదు. సెలెజిలిన్ లెవోడోపా అవసరాన్ని కొంతకాలం వాయిదా వేసింది. అయితే దానికి లక్షణాలను తగ్గించే గుణం ఉన్నందున కణరక్షణ రుజువు కాలేదు.

ముగింపు:
రోగి వైద్యుని వద్దకు వచ్చేసరికే డోపమిన్ కణాలు చాలావరకు నశించి ఉంటాయి. కనుక జంతువులలోనూ నష్టం మొదలైన తరువాతే చికిత్స ప్రారంభించి చూడాలి. ఏ జంతువు ఏ సమూహానిదో తెలియని వ్యక్తి కణాలను లెక్కించాలి. సంస్థాగత జంతు నైతిక సంఘం అనుమతి ఇచ్చినంత మాత్రాన పరిశోధకుని బాధ్యత తీరదు. సరైన పోలిక లేని ప్రయోగంలో జంతువుల ప్రాణం వృథా అవుతుంది, రోగికి ఆధారం లేని ఆశ మిగులుతుంది.