5.4 ప్రోస్టేట్ గ్రంథి పెరుగుదల: హార్మోన్లు, జీవక్రియ, శోథం

చిత్తూరు జిల్లాలోని ఒక పల్లెలో అరవై రెండేళ్ల రైతు రాత్రి నాలుగైదుసార్లు మూత్రానికి లేస్తున్నాడనుకోండి. మూత్రం వెంటనే రాదు. ధార సన్నగా వస్తుంది. పోసిన తర్వాత కూడా ఇంకా మిగిలినట్లే ఉంటుంది. తిరుమల దర్శనానికి వెళ్తే క్యూ కాంప్లెక్సులో ఇబ్బంది పడతానేమోనని ముందురోజే నీళ్లు తాగడం తగ్గిస్తాడు. అడిగితే, "వయసైంది, అంతే" అంటాడు. ఈ సమాధానం ఎంతవరకు సరైనదో ఈ భాగంలో పరిశీలిద్దాం.

5.4.1 హార్మోన్ల పాత్ర

ప్రోస్టేట్ మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ ఉండే గ్రంథి. యువకులలో దీని బరువు సుమారు 20 గ్రాములు. వయసు పెరిగేకొద్దీ ఇది పెరిగి మూత్రనాళాన్ని నొక్కుతుంది. ఈ పెరుగుదల క్యాన్సర్ కాదు.

5-ఆల్ఫా రిడక్టేజ్ అనే ఎంజైమ్ టెస్టోస్టిరాన్‌ను డైహైడ్రోటెస్టోస్టిరాన్‌గా మారుస్తుంది. గ్రంథి పెరగడానికి ఈ రెండో హార్మోనే ముఖ్యం. పుట్టుకతో ఈ ఎంజైమ్ లోపించిన పురుషులను 1974లో డొమినికన్ రిపబ్లిక్‌లో పరిశోధకులు గుర్తించారు. వారిలో ప్రోస్టేట్ చిన్నదిగానే ఉండిపోయింది. ఈ ఎంజైమ్‌ను అడ్డుకునే ఫినాస్టిరైడ్ మందు 1992లో అమెరికాలో ఆమోదం పొందింది.

ఇక్కడ మీకొక సందేహం రావాలి. వయసుతో టెస్టోస్టిరాన్ తగ్గుతుంది కదా, మరి గ్రంథి ఎందుకు పెరుగుతున్నది?

5.4.2 పొట్ట కొవ్వు, ఇన్సులిన్, శోథం

కారణం హార్మోన్ ఒక్కటే కాదు. కొవ్వు కణజాలంలోని అరోమటేజ్ ఎంజైమ్ టెస్టోస్టిరాన్‌ను ఎస్ట్రోజెన్‌గా మారుస్తుంది. పొట్ట పెరిగేకొద్దీ ఈ రెండింటి నిష్పత్తి మారుతుంది. ఇన్సులిన్ నిరోధకత ఉన్నవారి రక్తంలో ఇన్సులిన్ ఎక్కువగా ఉంటుంది. అది కణాల పెరుగుదలను ప్రోత్సహించగలదు. పొట్టలోని కొవ్వు శోథాన్ని కలిగించే రసాయనాలను కూడా విడుదల చేస్తుంది. పెరిగిన ప్రోస్టేట్ కణజాలాన్ని సూక్ష్మదర్శినిలో చూస్తే శోథ కణాలు తరచుగా కనిపిస్తాయి. అయితే ఒకటి గమనించండి: ఇవి కలిసి కనిపించడం సంబంధాన్ని సూచిస్తుంది గానీ, ఒకటి మరొకదానికి కారణమని పూర్తిగా రుజువు చేయదు.

5.4.3 ఆచరణలో

మధుమేహం కూడా రాత్రిపూట మూత్రాన్ని పెంచుతుంది. కాబట్టి పై రైతుకు ప్రోస్టేట్ పరీక్షతోపాటు రక్తంలో చక్కెర, రక్తపోటు, నడుము కొలత కూడా చూడాలి. భారతీయ పురుషులలో నడుము 90 సెంటీమీటర్లకు మించకూడదు. రాగి సంగటి మంచిదే, కానీ ముద్దల లెక్క లేకుండా తింటే చక్కెర పెరుగుతుంది. రోజూ నడక మేలు చేస్తుంది. పగటిపూట నీళ్లు మానకూడదు, పడుకునే ముందు మాత్రం తగ్గించవచ్చు. కొన్ని జలుబు మాత్రలు మూత్రాన్ని బిగించగలవు. వాటిని వైద్యుని అడగకుండా వాడరాదు.

మూత్రం పూర్తిగా ఆగిపోతే అది అత్యవసర పరిస్థితి. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. తిరుపతిలోని స్విమ్స్‌లో యూరాలజీ విభాగం ఉంది.

సారాంశం

"వయసైంది" అన్నది సగం సమాధానమే. మిగతా సగం హార్మోన్ల నిష్పత్తి, జీవక్రియ, శోథాలలో ఉంది. వయసును మార్చలేం, నడుము కొలతను మార్చవచ్చు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. టెస్టోస్టిరాన్ తగ్గుతున్నా ప్రోస్టేట్ ఎందుకు పెరుగుతుంది?
2. మీ ఇంట్లో నాయనో తాతో రాత్రిళ్లు పదేపదే లేస్తుంటే, ఏయే పరీక్షలు చేయించుకోమంటారు? ఎందుకు?