బిల్లు కట్టేవారికి జాడ తీసే హక్కు ఉందా? ఫోన్ లొకేషన్: అపోహలు – వాస్తవాలు

ఫోన్ లొకేషన్ విషయంలో మన ఇళ్లలో చలామణిలో ఉన్న చాలా అపోహలకు మూలం ఒకటే. “ఫోన్ నేను కొనిచ్చాను, సిమ్ నా పేరు మీదుంది, బిల్లు నేను కడుతున్నాను, కాబట్టి అది ఎక్కడుందో చూసే హక్కు నాది” అంటారు. మొదటి మూడూ నిజమే కావచ్చు, నాలుగోది మాత్రం వాటి నుంచి పుట్టదు. స్టాంపు అంటించినవాడికి ఉత్తరం విప్పి చదివే హక్కు రానట్టే ఇదీను. ఆ ఫోన్ పట్టుకున్న మనిషి ఏ ఆస్పత్రికి వెళ్లిందీ, ఏ లాయరు ఆఫీసు మెట్లెక్కిందీ, ఎవరింట్లో ఎంతసేపు కూర్చుందీ లొకేషన్ చెప్పేస్తుంది. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తేల్చింది. “అది సర్కారు మీద చెప్పుకునే హక్కు కదా, మొగుడూ పెళ్లాల మధ్య ఎందుకొస్తుంది?” అన్నది అడగదగ్గ ప్రశ్నే. దానికి అంతకు దాదాపు పదేళ్ల ముందే, 2007 డిసెంబరులో, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక విడాకుల కేసులో జవాబిచ్చింది. భార్య ఫోన్ సంభాషణలను ఆమెకు తెలియకుండా భర్త రికార్డు చేయడం ఆమె గోప్యతకు భంగమేనని, ఆ రికార్డులు సాక్ష్యంగా పనికిరావని చెప్పింది.

ఇక్కడ ఎదుటివారికి గట్టి ఆధారమే ఉంది. భార్యాభర్తలు చాటుగా రికార్డు చేసిన తమ సంభాషణలను విడాకుల కేసులో సాక్ష్యంగా తీసుకోవచ్చని 2025 జూలైలో సుప్రీంకోర్టు అంది. దాంతో 2007 తీర్పులో సాక్ష్యం గురించిన భాగం బలం తగ్గింది, నిజమే. కానీ దీన్ని పట్టుకుని “అయితే ఫోన్‌లో చాటుగా నిఘా పెట్టే స్పై యాప్ వేసినా తప్పులేదన్నమాట” అనుకోవడం కొత్త అపోహ. ఒక రికార్డును కోర్టు చూడొచ్చా లేదా అన్నది వేరు, దాన్ని సంపాదించిన తీరు నేరమా కాదా అన్నది వేరు. యజమాని లేదా ఆ పరికరం ఎవరి అధీనంలో ఉందో వారి అనుమతి లేకుండా అందులోకి చొరబడటం ఐటీ చట్టం 43వ సెక్షన్ కిందికొస్తుంది. మోసపూరితంగానో దురుద్దేశంతోనో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకూ జైలు, ఐదు లక్షల వరకూ జరిమానా, లేదా రెండూ. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ ప్రకారం, ఒక మహిళ ఇంటర్నెట్, ఈమెయిల్, ఇతర ఎలక్ట్రానిక్ సంభాషణల వాడకంపై నిఘా పెట్టడం వెంటాడి వేధించడమే. మొదటిసారికి మూడేళ్ల వరకూ, మళ్లీ చేస్తే ఐదేళ్ల వరకూ శిక్ష. నేర నివారణ బాధ్యతను ప్రభుత్వం అప్పగించినవారికి, చట్టప్రకారం చేసేవారికి, పరిస్థితిని బట్టి సమంజసమని నిరూపించుకోగలిగినవారికి ఈ సెక్షన్ మినహాయింపు ఇచ్చింది. “భర్త” అన్న మాట ఆ జాబితాలో లేదు. లొకేషన్ అన్న మాట కూడా సెక్షన్‌లో లేదు కాబట్టి వాదనకు చోటుంది. అయితే ఇలాంటి యాప్‌లు సాధారణంగా లొకేషన్‌తోపాటు మెసేజ్‌లనూ కాల్ వివరాలనూ చేరవేస్తాయి. అప్పుడిక వాదించడానికి పెద్దగా ఏమీ మిగలదు. ఈ సెక్షన్ కింద బాధితురాలు మహిళే కావాలి. ఎవరి ఫోన్‌లో భార్య చాటుగా యాప్ వేసిందో ఆ భర్తకు ఐటీ చట్టమే దిక్కు. ఇది చట్టంలో లోపమనే నా అభిప్రాయం.

“పోలీసులైతే ఎవరి లొకేషనైనా ఎప్పుడైనా చూడొచ్చు” అన్నది ఇంకో అపోహ. ఒక మాదకద్రవ్యాల కేసులో బెయిల్ ఇస్తూ, నిందితుడు గూగుల్ మ్యాప్స్‌లో పిన్ పెట్టి తానెక్కడున్నదీ దర్యాప్తు అధికారికి కనిపించేలా చూడాలని ఢిల్లీ హైకోర్టు షరతు విధించింది. ఫ్రాంక్ వైటస్ కేసుగా అది సుప్రీంకోర్టుకెళ్లింది. ఆ పిన్ వల్ల మనిషి కదలికలను ఎప్పటికప్పుడు చూడటం కుదరదని గూగుల్ కంపెనీయే కోర్టుకు చెప్పింది. కోర్టు అక్కడితో ఆగలేదు. నిందితుడి ప్రతి కదలికనూ పోలీసులు గమనించేలా పెట్టే ఏ బెయిల్ షరతైనా రాజ్యాంగం 21వ అధికరణానికి విరుద్ధమని 2024 జూలై 8న కొట్టేసింది. తీవ్రమైన కేసులో నిందితుడికే ఆ రక్షణ ఉంటే, ఏ కేసూ లేని కోడలికి, ఉద్యోగికి లేకుండా పోతుందా? దర్యాప్తులో టవర్ వివరాలు తెప్పించుకోవడానికి పోలీసులకు చట్టబద్ధమైన దారి ఉంది, అదీ కేసు కోసమే. ఆ దారి ప్రైవేటు డిటెక్టివ్‌కు లేదు. పెళ్లి సంబంధం చూసేటప్పుడు “అబ్బాయి ఎక్కడ తిరుగుతాడో కనుక్కోండి” అని డబ్బిచ్చేవారు తెలుసుకోవాల్సింది ఇదే. కాల్ రికార్డులు అక్రమంగా కొని అమ్మిన కేసులో 2018లో ఠాణే పోలీసులు డిటెక్టివ్‌లను అరెస్టు చేశారు.

నంబరు కొడితే మనిషి ఎక్కడున్నాడో చూపిస్తామనే సైట్ల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అవి సాధారణంగా చూపించేది ఆ నంబరు సిరీస్ మొదట ఏ కంపెనీకి, ఏ టెలికాం సర్కిల్‌కు కేటాయించారన్నదే. నంబరు మార్చకుండా దేశమంతటా కంపెనీ మారే వీలు 2015లోనే వచ్చింది కాబట్టి అదీ తప్పు కావచ్చు. “జీపీఎస్ ఆపేస్తే ఎవరికీ దొరకం” అన్నదీ తప్పే. ఉపగ్రహం మనల్ని చూడదు. దాని సంకేతాలను అందుకుని ఫోనే లెక్క కట్టుకుంటుంది. జీపీఎస్ ఆపినా, సిగ్నల్ ఉన్నంతసేపూ ఏ టవర్ కింద ఉన్నామో టెలికాం కంపెనీకి తెలుస్తూనే ఉంటుంది.

మరి హాస్టల్లో ఉన్న పిల్ల సంగతి ఏమిటి? అభ్యంతరాల్లో బరువైంది ఇదే. మైనర్ల భద్రత తల్లిదండ్రుల బాధ్యతే, కాబట్టి చూడొచ్చు. చూస్తున్నామని చెప్పి చూడాలి. చాటుగా చూస్తే పిల్లలు ఫోన్‌ను గదిలో వదిలి బయటికెళ్లడం నేర్చుకుంటారు, అప్పుడు భద్రతా పోతుంది, నమ్మకమూ పోతుంది. పద్దెనిమిదేళ్లు నిండాక వాళ్లు ఒప్పుకుంటేనే. వాట్సాప్ లైవ్ లొకేషన్‌లో 15 నిమిషాలు, గంట, 8 గంటలు అని మూడే గడువులున్నాయి. పంపేవారే ఎంచుకుంటారు, వద్దనుకుంటే మధ్యలోనే ఆపేస్తారు. సమ్మతి అంటే అలా ఉండాలి. పెళ్లయిన కొత్తలో ఒకసారి “సరే” అన్నది జన్మంతా చెల్లదు.

గూగుల్ మ్యాప్స్‌లో మీ ప్రొఫైల్ ఫొటో నొక్కి, లొకేషన్ షేరింగ్‌లో ఎవరి పేర్లున్నాయో ఇవాళే చూసుకోండి. తెలియని పేరుంటే తీసేయండి. ఇంట్లో కొట్టే మనిషి ఉంటే మాత్రం తొందరపడొద్దు. పేరు గానీ, స్పై యాప్ గానీ తీసేసిన సంగతి అవతలివారికి తెలిసిపోవచ్చు. ముందు స్క్రీన్‌షాట్లు దాచుకుని, వేరే ఫోన్ నుంచి మహిళా హెల్ప్‌లైన్ 181కి గానీ, తెలంగాణలోనైతే పోలీసుల షీ టీమ్స్‌కి గానీ చెప్పండి.