తీగ మీద జామచెట్టు: అపోహలు – వాస్తవాలు

ఇంటి వెనక పదడుగుల జాగా ఉన్నా, పండ్ల చెట్టుకు ఇది చాలదులే అని కరివేపాకు మొక్కతో సరిపెట్టుకునేవాళ్ళే ఎక్కువ. చెట్టును గుబురుగా వదిలేయకుండా, వరసలుగా లాగిన ఇనుప తీగల వెంట కొమ్మలను అటూ ఇటూ చాపి పెంచితే దాని మందం రెండడుగుల్లోనే ఆగుతుంది. మా పెరట్లో ఆరేళ్ళుగా ఓ జామ అలాగే ఉంది. చూడవచ్చినవాళ్ళ అనుమానాలు దాదాపు ఒకటే.

అపోహ: కొమ్మను వంచి కట్టడం చెట్టును హింసించడమే. అలాంటి చెట్టు కాయదు.

వాస్తవం: నిటారుగా పెరిగే కొమ్మలో చివరి మొగ్గదే పెత్తనం. అక్కడ తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను కిందికి దిగుతూ పక్క మొగ్గలను లేవనివ్వదు. కొమ్మను అడ్డంగా పడుకోబెడితే ఆ పెత్తనం సడలి, కణుపు కణుపునా చిగురు వస్తుంది. జామ పూసేది కొత్త చిగురు మీదే కాబట్టి, చిగుళ్ళు ఎక్కువైతే కాయలూ ఎక్కువే. నిటారు కొమ్మలను వంచి నేలలో గూటాలకు కట్టడం మన దేశపు జామ తోటల్లో తెలిసిన పద్ధతే. అయితే కొమ్మ పెన్సిలంత లావున్నప్పుడే వంచాలి. ముందు ఏటవాలుగా కట్టి, రెండు మూడు వారాలయ్యాక తీగ మీదికి దించాలి. ముదిరిన కొమ్మ మొదట్లోనే చీలిపోతుంది.

అపోహ: గోడకు ఆనించి పెంచాలి.

వాస్తవం: ఇది చలిదేశాల మాట. పారిస్ పక్కన మోంత్రేయ్‌లో గచ్చు పూసిన గోడలకు పీచ్ చెట్లను పరిచి పెంచేవారు. పగలు గోడ దాచుకున్న వేడి రాత్రికి కాయలకు అందేది. మనకు మే నెలలో ఎండ 45 డిగ్రీలకు చేరే ఊళ్ళున్నాయి. పడమటి ఎండ తగిలే గోడకు ఆనిస్తే ఆకులు మాడిపోతాయి. గోడకు అడుగు దూరమైనా వదలండి. వీలైతే ఉత్తర దక్షిణాలుగా, ఆరుబయట తీగలు లాగండి. పొద్దున ఒక వైపు, సాయంత్రం ఇంకో వైపు వెలుగు పడుతుంది. ఎండ నేరుగా తగిలే మానుకు సున్నం పూయండి, బెరడు పగలదు.

అపోహ: ఏ చెట్టయినా పనికొస్తుంది.

వాస్తవం: జామ, అంజూర, నిమ్మ బాగా లొంగుతాయి. మామిడి పూత ముదిరిన కొమ్మల చివర్లలో వస్తుంది, ఊరికే చివర్లు తుంచుతుంటే పూత పోతుంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో మామిడినీ తీగల మీద పెంచి చూశారు కానీ, కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు దాని జోలికి వెళ్ళకపోవడమే మంచిది.

అపోహ: ఎంత బిగించి కడితే అంత గట్టిగా నిలుస్తుంది.

వాస్తవం: ఈ తప్పు నేనూ చేశాను. మొదటి ఏడాది బైండింగ్ వైరుతో కట్టాను. వానాకాలం పోయేసరికి కొమ్మ లావెక్కి, వైరు బెరడులోకి దిగిపోయింది. వైరు నుంచి చివరి వైపు కొమ్మ ఉబ్బింది, మాను వైపు సన్నగా ఉండిపోయింది. ఆకులు చేసిన ఆహారం బెరడు గుండానే వేళ్ళకు దిగుతుంది, ఆ దారి మూసుకుపోయింది మరి. ఒక గాలివానకు కొమ్మ సరిగ్గా అక్కడే విరిగింది. ఇప్పుడు పురికొస గానీ, పాత నూలు చీర పేలిక గానీ 8 అంకెలా తిప్పి వదులుగా కడతాను. ఏటా విప్పి మళ్ళీ కడతాను.

అపోహ: ఒకసారి కట్టేస్తే ఇక పనుండదు.

వాస్తవం: ఉంటుంది, కొంచెమే. అడ్డకొమ్మల మీద నిటారుగా లేచే నీటికొమ్మలను, అంటు కింద నుంచి వచ్చే పిలకలను నెలకోసారి తీసేయాలి. కోత అయ్యాక పక్క కొమ్మలను రెండు మూడు కణుపులకు కత్తిరిస్తే మళ్ళీ చిగురిస్తాయి.

ఈ తొలకరికి ఒక అంటు జామ నాటి చూడండి. ఎనిమిది, పదడుగుల దూరంలో రెండు రాతి కడీలు, వాటి మధ్య 12 గేజి జీఐ తీగలు నాలుగు వరసలు చాలు. మొదటిది నేలకు అడుగున్నర ఎత్తులో, మిగతావి దానిపైన అంతంత ఎడంలో. కడీలు మాత్రం మొక్క కంటే ముందే పాతండి, తర్వాత తవ్వితే వేళ్ళు తెగుతాయి.