బాతు పిల్లలు ఈకలు పీక్కుంటుంటే: చోటు, నీళ్లు, మేత చూడండి



పట్టుపురుగులతో పాటు పెరట్లో ఇరవయ్యో ముప్పయ్యో బాతు పిల్లల్ని సాకేవాళ్ల కోసం ఈ వారం రాస్తున్నాం. మూడు వారాల దాకా పిల్లలు బాగానే ఉంటాయి. నాలుగో వారం దాటి నూగు పోయి అసలు ఈకలు మొలిచేటప్పుడు చిక్కు వస్తుంది. ఒకరోజు చూస్తే ఒక పిల్లకి తోక దగ్గర బోడి, ఇంకోదానికి రెక్క మీద రక్తం. కొత్తగా మొలిచే ఈక కాడలో రక్తం ఉంటుంది. దాన్ని ఒక పిల్ల లాగితే రక్తం కారుతుంది, ఆ ఎరుపు చూసి మిగతావి కూడా పొడవడం మొదలుపెడతాయి. రెండు మూడు రోజులు పట్టించుకోకపోతే పిల్ల చచ్చిపోవచ్చు.

ఇది పొగరు కాదు, రోగమూ కాదు. ఏదో తక్కువైందని పిల్లలు చెప్పే తీరు ఇది. ఆ తక్కువైంది ఏదో కనిపెట్టకుండా పీకే పిల్లని కొట్టినా, ముక్కు కొస కత్తిరించినా లాభం లేదు. బాతు ముక్కుతోనే నీళ్లలో మేత జల్లించుకుంటుంది, ఈకలు సర్దుకుంటుంది. ముక్కు జోలికి పోవద్దు.

*మొదట చోటు చూడండి*

జ్వరం దాటిన ప్రతిసారీ పురుగుల్ని పలచన చేస్తాం గదా. చేయకపోతే ఆకు చాలక, బెడ్డు తడిసి, పంట పాడవుతుంది. బాతు పిల్లలకీ అదే లెక్క. మూడో వారంలో పిల్లకి ఒక చదరపు అడుగు చాలు. ఏడో వారానికి రెండు నుంచి రెండున్నర అడుగులు కావాలి. అంటే ముప్పై పిల్లలకి మొదట 30 చదరపు అడుగుల మూల సరిపోయినా, తరవాత 60 నుంచి 75 అడుగులు కావాలి. మొదట కట్టిన తడికని అలాగే వదిలేస్తే పీకులాట మొదలవుతుంది. కింద పొట్టు తడిగా ఉంటే ఈకలు మురికై, చర్మం మెత్తబడి ఇంకా ఇబ్బంది.

*వేడి, వెలుతురు*

మొదటి వారం 30 నుంచి 32 డిగ్రీల వేడి చాలు. ఆపై వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించాలి. నాలుగో వారంలోనూ పెద్ద బల్బు రాత్రంతా వెలిగితే పిల్లలకి ఉక్క పోస్తుంది, నిద్ర ఉండదు, ఒకదాన్నొకటి పొడుస్తాయి. వేడి అక్కర తీరాక రాత్రికి చిన్న బల్బు చాలు.

*నీళ్లు*

తాగడానికే కాదు, తల ముంచడానికీ నీళ్లు కావాలి. ముక్కు రంధ్రాలు, కళ్లు కడుక్కోవాలి, ఈకల మీద నీళ్లు చల్లుకుని సర్దుకోవాలి. ఆ పని తనమీద తాను చేసుకోలేని పిల్ల పక్కదాని ఈకల మీద పడుతుంది. తల మునిగేంత లోతు ఉండి, ఒళ్లు మునగని గిన్నె పెట్టండి. తల్లి లేకుండా పెరిగే పిల్లల్ని మూడు నాలుగు వారాల ముందు ఈతకి వదలకండి. వాటి నూగు తడిసిపోయి చలికి చస్తాయి. మేత పెట్టిన చోట నీళ్లు ఎప్పుడూ ఉండాలి, లేకపోతే గొంతులో అడ్డుపడుతుంది.

*మేత, మన ప్యూపా*

ఈక అంటేనే ప్రొటీన్. నూకలు, రాగులు, తవుడులో ప్రొటీన్ 7 నుంచి 13 శాతమే. మొదటి మూడు వారాలు 20 శాతం, తరవాత ఎనిమిదో వారం దాకా 16 నుంచి 18 శాతం కావాలి. ఇక్కడ మనకి ఒక సౌకర్యం ఉంది. రీలింగ్ దగ్గర మిగిలే ఎండు ప్యూపాలో సగానికి పైగా ప్రొటీనే. ఈకకి అవసరమైన మిథియోనిన్ కూడా అందులో బాగా ఉంటుంది.

మూడు వారాలు దాటిన పిల్లలకి పది కిలోల మేత ఇలా కలపవచ్చు:

• మొక్కజొన్న నూక: 6 కిలోలు
• తవుడు: 1.5 కిలోలు
• సోయా చెక్క: 1.7 కిలోలు
• ఎండు ప్యూపా పొడి: 600 గ్రాములు
• ఖనిజ లవణ మిశ్రమం: 200 గ్రాములు

ఇది సుమారు 18 శాతం ప్రొటీన్‌కి వస్తుంది. సోయా తీసేసి ప్యూపా పెంచుదామనుకోవద్దు. ప్యూపాలో నూనె ఎక్కువ, మోతాదు మించితే గుడ్డుకీ మాంసానికీ వాసన పడుతుంది. పచ్చి ప్యూపా ఒక్కరోజులోనే కుళ్లుతుంది. బాగా ఎండినది, కంపు లేనిదే వాడండి. బూజు పట్టిన మొక్కజొన్న, వేరుశనగ చెక్క అసలు వద్దు. ఆ బూజు విషానికి కోడికంటే బాతు పిల్ల తొందరగా చస్తుంది. మధ్యలో కొంచెం అజోల్లా వేస్తే ముక్కుకి పని దొరుకుతుంది, పక్కదాన్ని పొడవడం తగ్గుతుంది.

*షెడ్డులోని జబ్బు పురుగులు మాత్రం వేయొద్దు*

పాలరోగం, సున్నపుకట్టు వచ్చిన పురుగుల్నీ, బెడ్డు చెత్తనీ బాతులకి వేయడం సులభంగా కనబడుతుంది. వేయకండి. పెబ్రిన్ బీజాలు పక్షి కడుపులో చావకుండా రెట్టతో బయటికి వస్తాయి. ఆ రెట్ట తోటలో పడితే ఆకు మీదుగా మళ్లీ మన పురుగుకే చేరుతుంది. జబ్బు పురుగుల్ని ఎప్పటిలాగే కాల్చండి, లేదా సున్నం వేసి పూడ్చండి. ఆకు కోసే తోటలోకి, షెడ్డు దగ్గరికి బాతుల్ని రానివ్వకండి. తోటకి మందు కొట్టిన రోజుల్లో ఇది మరీ ముఖ్యం.

*గాయపడ్డ పిల్లకి*

రక్తం కనబడగానే వేరు చేయండి. ఉప్పునీళ్లతో కడిగి, పసుపు, వేపనూనె కలిపి రాయండి. ఈగ వాలితే పుండులో పురుగు పడుతుంది, దోమతెర కింద ఉంచండి. పుండు పూర్తిగా మానాకే, చీకటి పడ్డాక గుంపులో కలపండి. ఎప్పుడూ పీకేది ఒకటే పిల్ల అయితే దాన్ని నాలుగు రోజులు వేరుగా పెట్టి చూడండి.

ఈరోజు సాయంత్రం పురుగులకి ఆకు వేసి వచ్చేటప్పుడు పిల్లల్ని లెక్కపెట్టి, తడిక పొడవు వెడల్పు కొలవండి. చోటు చాలకపోతే రేపటిదాకా ఆగకుండా తడిక జరపండి. మేత మార్పు ఫలితం కనబడటానికి రోజులు పడుతుంది గానీ, చోటు, నీళ్లు ఇస్తే తేడా ముందే తెలుస్తుంది.