వార్తల్లో పదం: టెక్స్ట్ ఇంజిన్

షాద్‌నగర్‌లో పెండ్లి ఫ్లెక్సీ రూపొందించు డిజైనరు ఫోటోషాప్‌లో ‘లక్ష్మి’ యని యూనికోడ్‌లో టైపు చేసినప్పుడు, వత్తులు కలియక, పొల్లులు మిగిలి, వధువు పేరే ఛిన్నాభిన్నమైనచో, ఆ దోషము అతని వ్రేళ్ళది కాదు. అక్షరములను కూర్చు టెక్స్ట్ ఇంజిన్‌ది.

‘క్ష్మి’ యను ఒక్క అక్షరము కంప్యూటరులో క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అను ఆరు సంకేతముల వరుసయై యుండును. వానిని ఒక్క రూపముగ సంధానించుట ఇంజిన్ పని. 1990లో వెలువడిన ఫోటోషాప్ చిరకాలము ఈ విద్య నేర్వలేదు. అందుచేతనే మనవారు ఆంగ్లాక్షరముల స్థానములలో తెలుగు ముక్కలను పొదిగిన ‘అను’ ఫాంట్లను ఆశ్రయించిరి. అచ్చు అందముగనే వచ్చెను. కాని ఆ పాఠమునే వేరొకచోట అతికించినచో అర్థరహితమైన ఆంగ్లాక్షరముల గుంపు మిగులును, వెదకినను దొరకదు.

పిదప వచ్చిన ఫోటోషాప్ కూర్పులలో ప్రిఫరెన్సెస్‌లోని టైప్ విభాగమున దక్షిణాసియా లిపుల ఇంజిన్‌ను ఎన్నుకొని, పేరాగ్రాఫ్ ప్యానెల్‌లో వరల్డ్-రెడీ కంపోజర్‌ను నిలిపినచో వత్తులు స్వస్థానమును చేరుచుండెను. ఈ చిన్న మార్పు తెలియక ఎందరో వత్తులను చేతితో అతికించుచుండిరి.