స్వీయనియంత్రణలో ‘స్వీయ’ ఎవరు? ప్రెస్ కౌన్సిల్ – పాత్రికేయుల దృష్టి

భారత ప్రెస్ కౌన్సిల్‌ను పాత్రికేయులు తరచుగా ‘కోరలు లేని పాము’గా వర్ణిస్తారు. 1978 నాటి చట్టంలోని 14వ సెక్షన్ ప్రకారం కౌన్సిల్ హెచ్చరించగలదు, మందలించగలదు, అభిశంసించగలదు, జరిమానా విధించలేదు. టెలివిజన్ వార్తలు దాని పరిధిలోకే రావు. కాబట్టి ఆ విమర్శ నిజమే. అయితే కోరలివ్వమని అడగడానికి కూడా వారు జంకుతారు. 1966లో ఏర్పడిన కౌన్సిల్ అత్యవసర పరిస్థితి కాలంలో రద్దయి, 1979లో గాని తిరిగి రూపుదిద్దుకోలేదు. ఆ అనుభవం తెలిసినవారికి శిక్షాధికారం ఎవరి చేతుల్లోకి పోతుందోనన్న శంక సహజం.

నా దృష్టిలో అసలు చిక్కు ‘స్వీయ’ అనే విశేషణంలో ఉంది. అధ్యక్షుడు కాక కౌన్సిల్‌లో 28 మంది సభ్యులు. వారిలో 13 మంది వృత్తి పాత్రికేయులు (ఆరుగురు సంపాదకులు), ఆరుగురు పత్రికా యాజమాన్యాల ప్రతినిధులు, ఐదుగురు పార్లమెంటు సభ్యులు. సాహిత్య అకాడమీ ప్రతినిధికీ ఒక స్థానముంది! చట్టం యజమానినీ పాత్రికేయుణ్ణీ వేరుచేసి చూసింది. ఇద్దరినీ ఒకే ‘స్వీయ’ కింద చేర్చడం ఎంత కష్టమో చెల్లింపు వార్తల వివాదం చూపింది.

2009 ఎన్నికల్లో అభ్యర్థుల నుంచి సొమ్ము తీసుకుని ప్రచారాన్ని వార్తలుగా అచ్చువేసిన తీరును ఆంధ్రప్రదేశ్ వర్కింగ్ జర్నలిస్టుల సంఘమే బయటపెట్టింది. కౌన్సిల్ నియమించిన పరంజయ్ గుహా ఠాకుర్తా, కె. శ్రీనివాస్ రెడ్డిల ఉపసంఘం పత్రికల పేర్లతో సహా 71 పుటల నివేదిక సమర్పించింది. 2010లో కౌన్సిల్ వెలువరించిన సంక్షిప్త నివేదికలో ఆ పేర్లు లేవు. పూర్తి పాఠం కేంద్ర సమాచార కమిషన్ ఆదేశంతో 2011లో వెలుగుచూసింది. పేర్లు ప్రకటించడానికి కొత్త కోరలేవీ అక్కరలేదు. ఇక్కడ లోపించింది అధికారం కాదు, సంకల్పం. తప్పును వెలికితీసినవారు పాత్రికేయులు; దాన్ని కప్పింది వారి ‘స్వీయ’ సంస్థే.

ఈ చర్చలో మండల విలేకరి ప్రస్తావన అరుదు. జిల్లా అనుబంధాల విస్తరణతో తెలుగు పత్రికలు ఎక్కువగా ఆధారపడింది ఇతని మీదే. చాలామందికి నియామక పత్రం ఉండదు, స్థిర వేతనం ఉండదు. పండుగలకూ నాయకుల పుట్టినరోజులకూ ప్రకటనలు సేకరించే భారం మాత్రం ఉంటుంది. ప్రకటన ఇచ్చిన నాయకుడి మీదనే మర్నాడు వార్త రాయవలసి వస్తే పాటించవలసిన ప్రవర్తనా నియమావళిని కౌన్సిల్ పుస్తకంగా ప్రచురించింది. దాన్ని అతనికి అందించే ఏర్పాటు ఏ యాజమాన్యానికీ తప్పనిసరి కాదు.